వెనకనుంచి అచ్చం వాడే

"తలుపు తియ్యి హరిణీ! గుమ్మంలో షూటింగు వ్యాను ఆగి ఉంది. నలుగురూ చూస్తే నవ్విపోతారు!"

జగదాంబ బాదుతున్నది కోడలి గది తలుపు కాదు, పోయిన మనవడి గది తలుపు. సినిమా రిహార్సల్లో పడిపోయి ఋత్విక్ మళ్ళీ లేవలేదు. అది జరిగి నెల దాటింది. అప్పట్నించీ ఆ గదిలోకి దూరి గడియ పెట్టుకోవడం హరిణికి మామూలైపోయింది. కాకపోతే ఈ ఆదివారం పొద్దున ఆవిడ లోపలికి వెళ్ళింది ఏడవడానికి కాదు. బూట్లు దాచడానికి.

తెల్లబూట్లు, పక్కన నారింజ గీత. ఋత్విక్ సొంత బూట్లవి. మొదటి సినిమా మొదటి రోజున కంపెనీవాళ్ళు కొనిచ్చిన జత కాలు కరిచిందని, తన బూట్లతోనే కెమెరా ముందు నిలబడ్డాడు. సినిమావాళ్ళ సంగతి తెలిసిందే కదా! మొదటి రోజు ఏది కనిపిస్తే చివరిరోజు దాకా అదే కనిపించాలి. దానికి కంటిన్యుటీ అని పేరు పెట్టుకున్నారు. మనిషి పోయినా సరే, కంటిన్యుటీ పోకూడదు.

సినిమాలో మిగిలింది ఒక్క పరుగు. హీరో ఎత్తురోడ్డు మీదికి పరిగెత్తుకుంటూ వెళ్ళిపోతాడు, కెమెరా వెనకాలే వెళుతుంది. మొహం అక్కర్లేదు. వీపు కావాలి, బూట్లు కావాలి.

వీపు దొరికింది. హాల్లో సోఫా అంచున బుద్ధిగా కూర్చునుంది. హరిణి తోడికోడలు మనోజ కొడుకు శ్రీకృష్ణ. ఋత్విక్ కంటే ఏడాది చిన్న. అదే ఎత్తు, అవే భుజాలు, అదే నడక. "వెనకనుంచి అచ్చం వాడేనండీ" అని దర్శకుడు వేదవ్యాస్ అన్న రోజు నుంచీ ఈ ఫిల్మ్ నగర్ ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు.

"అత్తమ్మా, గట్ల తలుపు బాదకు" అంది మనోజ హాల్లోంచి. "అక్కకు ఇష్టం లేకుంటే ఒద్దు. వ్యాస్ సార్ అసొంటియే ఇంకో జత కొంటడు తియ్యి."

"ఎక్కడ కొంటాడే? ఆ రకం రావడం మానేసి ఏడాదైందంట. నువ్వూరుకో" అని కసిరింది జగదాంబ.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. పాపం, మనోజ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి ఆమె పడుతున్న అవస్థ గొంతులో వినిపించి, తలుపుకి లోపలివైపు హరిణికి ఒళ్ళు మండిపోయింది. కొడుక్కి మొదటి అవకాశం వచ్చిన తల్లి పొద్దున్నే తలంటు పోసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, పక్కింటి శోకానికి తగ్గట్టు మొహం పెట్టుకుని వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుంది? అలా ఉంది.

"హరిణీ..." భర్త సాయిశ్రీనివాస్ గొంతు. ఆయన ఎడిటరు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. "ఇచ్చెయ్యి. సినిమా బయటికొస్తే మనవాడు ఎలాంటివాడో జనం చూస్తారు. రాకపోతే యూట్యూబులో ఆ ఎర్రబాణాల వీడియోలే మిగుల్తాయి. జిమ్ములో ఇంజెక్షన్లు పొడిపించుకుని పోయాడని ఊరంతా అనుకుంటోంది. నీకది ఇష్టమా?"

లోపల మంచం కిర్రుమంది.

హరిణి మంచం పట్టె మీద కూర్చుని బూట్లు ఒళ్ళో పెట్టుకుంది. శ్రీకృష్ణ పుట్టినప్పట్నుంచీ ఋత్విక్ విడిచిన బట్టలే తొడిగాడు. స్కూలు బ్యాగు, సైకిలు, క్రికెట్ బ్యాటు, ఆఖరికి ఫోను కూడా. ప్రతి ఏడాదీ సంచీ నింపి కృష్ణానగర్ పంపించేది తనే. అప్పుడు ఇవ్వడంలో ఎంత సుఖం ఉండేదో! తన కొడుక్కి కొత్తది రాబట్టే కదా వాడికి పాతది వెళ్ళేది. ఇప్పుడిక కొత్తది కొనడానికి ఎవరున్నారు? ఇవతల అంతా ఖాళీ, అవతల అంతా వాడిదే. చొక్కా వాడిదే, షాటు వాడిదే, ఊపిరీ వాడిదే. బతికుండడమొక్కటే వాడు చేసిన తప్పు. ఆ తప్పుని మాత్రం హరిణి క్షమించలేకపోతోంది.

ఇంతే అయితే ఏ తల్లికైనా వచ్చే ఓర్వలేనితనమేలే అని మనమూ సరిపెట్టుకుందుం. కానీ ఆవిడ కడుపులో ఇంకో మాట కూడా ఉంది.

ఆ మాట పెద్దకర్మ రోజున వచ్చింది. భోజనాల హడావిడిలో ఫోను మోగితే, హరిణి ఈ గదిలోకే వచ్చి తలుపు దగ్గరగా వేసి మాట్లాడింది. గుండె డాక్టరు అనఘ. పోస్ట్‌మార్టం రిపోర్టు చూసి చేసిన ఫోను.

"మీ బాబు ఏ ఇంజెక్షనూ తీసుకోలేదమ్మా. గుండె కండరం పుట్టుకతోనే మందంగా పెరిగే జబ్బు అది. బయటికి ఏమీ తెలియదు. బాగా పరిగెత్తినప్పుడో, డాన్సు చేసినప్పుడో గుండె లయ తప్పి ఆగిపోతుంది. ఇది వంశంలో వస్తుంది. మీవారి తరఫున ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా పోయారా?"

"మా మరిది రాఘవ పోయాడండీ. ఫైటరు. షూటింగులో పరిగెడుతూ పడిపోయాడు. కానీ అది తాగుడు వల్ల..."

"తాగుడని ఎవరు చెప్పారమ్మా?"

ఎవరు చెప్పారు? ఇంట్లో అందరూ చెప్పారు. శవం లేవకముందే జగదాంబ చెప్పింది. ఆ కృష్ణానగర్ గ్రూపు డాన్సరు మనోజని చేసుకున్నప్పట్నుంచే తన చిన్నకొడుకు తాగుడు మరిగాడని, తాగి తాగి గుండె పేలి చచ్చాడని. పరాయి ప్రాంతం పిల్ల, పరాయి కులం పిల్ల, తప్పు వేయడానికి ఎంత వీలుగా దొరికింది! అప్పట్నించి అదే మాట పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, తద్దినాల్లో చెప్పుకుంటూ వచ్చారు. చెప్పగా చెప్పగా హరిణి కూడా నమ్మేసింది.

"మీవారినీ, మీ మరిదిగారి పిల్లల్నీ వెంటనే తీసుకురండి" అంది డాక్టరు. "ఈసీజీ, ఎకో చేస్తాం. తెలిస్తే భయం లేదు. మందులున్నాయి, అవసరమైతే ఛాతీలో చిన్న యంత్రం అమరుస్తాం. అప్పటిదాకా ఎవర్నీ పరుగులు తియ్యనివ్వకండి. తెలియకుండా ఉండడమే ప్రమాదం."

"చెప్తానండీ" అంది హరిణి. నిజంగానే చెబుదామని కిటికీ దగ్గరికొచ్చింది. కింద షామియానాలో వేదవ్యాస్ శ్రీకృష్ణ భుజం మీద చెయ్యేసి, వాణ్ణి అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నాడు. పక్కన మనోజ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆ కళ్ళు! పెద్దకర్మ ఇంట్లో అలా మెరుస్తాయా ఎవరి కళ్ళయినా?

హరిణి మెట్లు దిగింది, వడ్డన చూసుకుంది, మాట మింగేసింది. భర్తని మాత్రం బీపీ అని చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు ఆయనకీ అంతా వివరంగా చెప్పింది. కొడుకు పోయిన మనిషి, విన్నది సగం, విన్నదాంట్లో మర్చిపోయింది సగం. మాత్రలు వేసుకోమంటే వేసుకుంటున్నాడు. మనోజకి ఎవరూ చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే, ఆ పిల్లాడు రోజూ ఇక్కడికొచ్చి వ్యాను ఎక్కి రిహార్సలుకి వెళుతుంటే హరిణి గేటు దగ్గర చూస్తూ నిలబడింది.

"కిట్టూని ఒక్కణ్ణే పంపించండి" అంది హరిణి ఉన్నట్టుండి, మూసిన తలుపు వెనకనుంచి.

బయట గుసగుసలు ఆగిపోయాయి. గడియ తీసింది. శ్రీకృష్ణ లోపలికొచ్చాడు. ఋత్విక్ ఆఖరి డ్రెస్సు, నీలం చారల చొక్కా, అప్పటికే వేసుకుని ఉన్నాడు. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"కోపమొచ్చిందా పెద్దమ్మా? నువ్వు ఒద్దంటే చెయ్యను. నిజంగ."

"వేసుకో" అంది బూట్లు ముందుకి తోసి.

నేల మీద చతికిలబడి వేసుకున్నాడు. సరిగ్గా సరిపోయాయి. కాస్త బిగుతయినా అయితే ఎంత బావుండును అనుకుంది హరిణి.

తాళ్ళు కట్టుకుంటూ తల ఎత్తకుండానే అడిగాడు వాడు. "పెద్దమ్మా, అన్న ఎప్పుడన్న చెప్పిండా నీకు, ఉరుకుతుంటె కండ్లు చీకట్లు కమ్మినయని?"

హరిణి దుప్పటి అంచు సర్దింది.

చెప్పాడు. ఎండాకాలంలో ఒకరోజు మెట్లెక్కి వచ్చి, గోడకి ఆనుకుని, "అమ్మా, కళ్ళు చీకట్లు కమ్మాయే" అన్నాడు. అన్నం మానేసి ఆ పొడులు తాగితే కమ్మవా మరి అని తిట్టి, గ్లూకోజు నీళ్ళు కలిపిచ్చింది. గటగటా తాగి నవ్వుతూ వెళ్ళిపోయాడు. అప్పుడు ఆమెకి తెలియదు. దేవుడి మీద ఒట్టు, తెలియదు.

"ఎందుకడుగుతున్నావు?" అంది.

"మొన్న రిహార్సల్ల గట్లనే అయింది. ఎత్తు మీద ఉరుకుతున్న, గుండె గుర్రం లెక్క ఉరికింది, కింద పడిపోయిన. మల్ల లేచిన తియ్యి. టిఫిన్ తినలే, అందుకే అయ్యుంటది. నువ్వు మాత్రం ఎవ్వలికి చెప్పకు పెద్దమ్మా. అమ్మకు తెలిస్తే గాబరా పడ్తది. వ్యాస్ సార్‌కు తెలిస్తే ఇంకొకన్ని పెట్టుకుంటడు. ఈ ఒక్క షాటు అయిపోనీ."

వాడు లేచి నిలబడ్డాడు. అటు తిరిగి అద్దంలో కాలర్ సర్దుకుంటున్నాడు.

ఇది రాయడానికి కలం జంకుతోంది కానీ, జరిగింది జరిగినట్టు చెప్పాలి. వెళ్ళనీ, అని ఒక మాట హరిణి మనసులోకి వచ్చింది. వెళ్ళనీ. కడుపుకోత అంటే ఏంటో దానికీ తెలియనీ.

వచ్చిన మాటకి ఆమే హడలిపోయింది. తలుపు విసురుగా తోసుకుని హాల్లోకి వచ్చిపడింది.

"వీడు పరిగెత్తడానికి వీల్లేదు! వీడికీ ఉంది, ఋత్విక్‌కి ఉన్నదే వీడికీ ఉంది. పరిగెత్తితే చచ్చిపోతాడు. డాక్టరు చెప్పింది!"

జగదాంబ చెవులు మూసుకుంది. "శివ శివ! పొద్దున్నే ఆ మాటలేంటే?"

మనోజ మెల్లగా లేచి నిలబడింది. ఇంతసేపూ తెచ్చిపెట్టుకున్న మెత్తదనం ఒక్కసారిగా పోయింది.

"ఏమన్నవక్కా? మల్ల అను."

"డాక్టరు చెప్పింది మనోజా. ఇది వంశంలో..."

"పోయినవారం వ్యాస్ సార్‌కు ఫోన్ చేసి నా కొడుకు గంజాయి తాగుతడని చెప్పినవ్. నాకు ఎరుక లేదనుకున్నవా? సార్ నాకే ఫోన్ జేసి అడిగిండు. నేను ఒక్క మాటన్న అన్ననా నిన్ను? దుఃఖంల ఉంది, ఏదో అన్నది తియ్యి అని ఊకున్న. ఇయ్యాల గంజాయి పోయి రోగం వచ్చిందా?"

సాయిశ్రీనివాస్ భార్య మొహంలోకి చూశాడు. "ఫోన్ చేశావా హరిణీ?"

చేసింది. కాదనలేదు.

"అది అబద్ధమే" అంది. "కుళ్ళుబోతుతనంతో చెప్పా, ఒప్పుకుంటున్నా. ఇది మాత్రం నిజం. కావాలంటే వాణ్ణే అడుగు. మొన్న రిహార్సల్లో పడిపోయాడంట. కిట్టూ, చెప్పు!"

అందరూ వాడి వైపు తిరిగారు. వాడు పెద్దమ్మ వైపు, చెప్పొద్దన్న మాట చెప్పేసిన పెద్దమ్మ వైపు, నొచ్చుకుంటూ చూశాడు. తర్వాత తల్లిని చూశాడు. బయట హారన్ మోగింది.

"లేదమ్మా" అన్నాడు. "నేనెప్పుడు పడ్డ? నాకేం గాలే."

"విన్నవా?" అంది మనోజ. "నీ కొడుకు లేడని నా కొడుక్కు రోగం అంటగడ్తవా? నీ పిల్లగాడు తొడిగి ఇడిసిన చెడ్డీలు తొడిగి పెరిగిండక్కా వీడు. ఏనాడన్న మొకం ముడిసిండా? మీ ఇంట్ల పిల్లలు పెద్దపెద్ద స్కూళ్ళకు పోతుంటె, నేను గ్రూపుల ఎగిరి వీని ఫీజు కట్టిన. ఏనాడన్న అడిగిన్నా? నీ కొడుకు హీరో అయితుండంటే నాకూ కడుపుల మండింది, అబద్ధమాడ. నా కొడుకు ఎప్పటికీ ఎనుకనే నిలబడాలెనా అని పండుకున్నప్పుడల్లా ఏడ్సిన. అయినా వానికి దిష్టి తగల్నియ్యలే. నువ్వు మాత్రం పచ్చగున్న పిలగాన్ని పట్టుకుని సస్తడంటవు! నడువ్‌రా కిట్టూ."

"మనోజా, ఆగు! నా మాట విను!"

"ఊరుకో హరిణీ, ఇంక చాలు" అంది జగదాంబ. ఆ ఇంట్లో ఆవిడ మనోజని వెనకేసుకురావడం అదే మొదటిసారి. "నువ్వు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నది చాలు. పసివాడు మంచి పనిమీద వెళుతుంటే..."

శ్రీకృష్ణ వ్యాన్ ఎక్కాడు. వేదవ్యాస్ తన సెట్‌కి తల్లుల్ని రానివ్వడు. బిడ్డ పక్కన తల్లి ఉంటే కెమెరాకి నటన దొరకదంటాడు. అందుకని మనోజ గేటు దగ్గరే ఆగి, వ్యాన్ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, స్కూటీ దగ్గరికి నడిచింది. ఇక ఈ ఇంటి గడప తొక్కే ఉద్దేశం ఆమె నడకలో కనిపించలేదు.

హరిణి చెప్పుల్లేకుండా వాకిట్లోకి పరిగెత్తింది.

"రాఘవ తాగి పోలేదు మనోజా!"

తాళంచెవి పెట్టబోతున్న మనోజ చెయ్యి ఆగిపోయింది.

"తాగుడు కాదు. ఆ రోజు అసలు తాగనే లేదని నువ్వు మొత్తుకున్నావు కదా, అదే నిజం. రాఘవకీ ఇదే జబ్బు. పరిగెడుతూ పడ్డాడు, ఋత్విక్ లాగే పడ్డాడు. నీ వల్ల కాదు, నీ ఇంటి గాలి వల్ల కాదు. ఇది మా ఇంటి రక్తం. మేమంతా నీ మీదికి తోశాం."

"హరిణీ!" అని గుమ్మంలోంచి అరిచింది జగదాంబ. "పోయిన నా బిడ్డనెందుకే తవ్వుతావు!"

"మీరే కదా అత్తయ్యగారూ పాతిపెట్టింది!"

జగదాంబ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సాయిశ్రీనివాస్ నెమ్మదిగా మెట్లు దిగి వచ్చాడు. నిద్రలోంచి లేచినవాడిలా నుదురు రుద్దుకుంటున్నాడు.

"మనోజమ్మా... నాకూ చెప్పింది ఆ డాక్టరు. కండరం మందం అంది. తమ్ముడి పిల్లలుంటే తీసుకురమ్మంది. నేను... నా బుర్ర పనిచెయ్యలేదమ్మా. హరిణి చూసుకుంటుందిలే అనుకున్నా."

హరిణి కుళ్ళుమాట ఎవరైనా కొట్టిపారేస్తారు. బావగారు అబద్ధం చెప్పడని మనోజకి తెలుసు. అంతకంటే ముఖ్యం, ఈ ఇంటివాళ్ళు ఊరికే రాఘవని నిర్దోషిగా వదలరని కూడా తెలుసు. అలా వదిలారంటే ఏదో కొంప మునిగే ఉండాలి.

"వాసన సుత లేకుండె" అంది మనోజ, ఎవరితోనో అన్నట్టు. "నోట్ల నోరు పెట్టి సూసిన. వాసన లేకుండె. ఎవ్వలూ ఇనలే."

అని, ఒక్కసారిగా తేరుకుని ఫోను తీసింది. కొడుక్కి చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. వేదవ్యాస్‌కి చేసింది, అదీ అంతే. కొత్త సినిమా కదా, గెటప్పు బయటికి పొక్కకుండా సెట్లో అడుగు పెట్టగానే అందరి ఫోన్లూ ఒక సంచీలో వేయిస్తారు. ఆ సంచీ మేనేజరు కారులో ఉంటుంది.

"నేను కారు తీస్తా" అన్నాడు సాయిశ్రీనివాస్. తాళాల కోసం జేబులన్నీ తడుముకుంటున్నాడు.

మనోజ అప్పటికే స్కూటీ స్టార్ట్ చేసింది. హరిణి అడగలేదు, రమ్మని మనోజ అననూ లేదు. హరిణి వెనక ఎక్కి కూర్చుంది, మనోజ తిప్పింది.

తోడికోడళ్ళయ్యాక ఇద్దరూ ఒక బండి మీద వెళ్ళడం ఇదే మొదలు. హరిణికి కారుండేది, మనోజకి స్కూటీ ఉండేది, అవసరం రాలేదు. ఫిల్మ్ నగర్ సందులు దాటి జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆదివారం పొద్దున కావడంతో రోడ్లు ఖాళీగా ఉన్నాయి. కుక్కల్ని తిప్పే పెద్దమనుషులు తప్ప ఎవరూ లేరు. మనోజ భుజాలు రాయిలా బిగుసుకుని ఉన్నాయి. దాని కొడుకు ఇంకా ఉన్నాడు, అనుకుంది హరిణి. ఇది పరిగెత్తి వెళ్ళడానికి ఒక చోటుంది. నాకు రిహార్సల్ హాలు నుంచి ఫోను వచ్చేసరికే అంతా అయిపోయింది. ఈ సమయంలో కూడా ఆ పాడు కుళ్ళు ఆమెని వదల్లేదు.

షూటింగు జరిగే సందు మొదట్లోనే తాడు కట్టేశారు. నల్లబనీను బౌన్సరు చెయ్యి అడ్డం పెట్టాడు. "షాట్ నడుస్తుంది మేడమ్. ఆగాలె."

"వాని తల్లినిరా నేను! జరుగు!"

"తల్లులు రావద్దన్నడు సారు."

అతని భుజం పక్కనుంచి చూసింది హరిణి. కిందికి దిగి మళ్ళీ పైకి లేచిన నున్నటి రోడ్డు. రెండు పక్కలా కాగితం పూల గోడలు. కెమెరా బిగించిన బండి మెల్లగా పోతోంది. దాని ముందర నీలం చారల చొక్కా గాలికి ఉబ్బి, తెల్లబూట్లు నేలకి ఆనీ ఆనకుండా, వాడు పరిగెడుతున్నాడు.

ఋత్విక్ పరిగెడుతున్నాడు.

అదే పరుగు. కుడిచెయ్యి కాస్త బయటికి విసరడం, తల వెనక్కి వాల్చడం. నా నాన్న, నా బంగారం, ఎక్కడికి పోయావురా ఇన్నాళ్ళూ! అరవడానికని తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అరిస్తే ఆగిపోతాడు. ఆగితే ఇటు తిరుగుతాడు. తిరిగితే వాడు కాదు. ఇంకొంచెం పరిగెత్తనీ, ఆ ఎత్తు ఎక్కేదాకా, ఇంకొక్క కాస్త చూసుకోనీ...

"కిట్టూ!"

మనోజ గొంతు సందంతా దద్దరిల్లింది. గ్రూపులో పాటలకి కేకలు వేసిన గొంతు అది. బౌన్సరు చెయ్యి కిందినుంచి దూరి, చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, తాడు దాటి కెమెరా ముందుకే పరిగెత్తింది. "ఆగురా! కిట్టూ! ఆగు!"

"కట్! కట్! ఎవరమ్మా మీరు? ఎవరు రానిచ్చారు ఈవిణ్ణి?" వేదవ్యాస్ టోపీ తీసి నేలకి కొట్టాడు.

వాడు ఆగాడు. ఇటు తిరిగాడు. ఋత్విక్ కాదు.

"ఏందమ్మా! మొత్తం షాటు పాడు చేసినవ్..." అంటూనే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. పెదవులు తెల్లబడ్డాయి. మనోజ వాణ్ణి పొదివి పట్టుకుని గోడ నీడలోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. చొక్కా గుండీలు తెంపింది, ఛాతీ మీద చెవి ఆనించింది. యూనిట్టంతా నోళ్ళు తెరుచుకుని చూస్తోంది. కాసేపటికి వాడి పెదాలకి రంగు వచ్చింది.

"మంచిగనే ఉన్న అమ్మా" అన్నాడు. "జర కండ్లు తిరిగినయి. అంతే. పెద్దమ్మ అబద్ధం చెప్పలే. మొన్న నేను నిజంగనే పడ్డ."

మనోజ వాడి తలని గుండెకి అదుముకుని, అటూ ఇటూ ఊగుతూ, నోరంతా తెరిచి ఏడ్చింది. హరిణి దగ్గరికి వచ్చి నిలబడింది. ఏం చెయ్యాలో తెలియలేదు. ఎవరో తెచ్చిన నీళ్ళ సీసా అందించింది. మనోజ అందుకుని, కొడుకు చేత తాగించి, తడిచేత్తోనే హరిణి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు లేకుంటె నా బిడ్డ దక్కకపోవు అక్కా. నోటికొచ్చినట్టు తిట్టిన. కాళ్ళు మొక్కుత, మనసుల పెట్టుకోకు."

"ఊరుకో మనోజా" అంది హరిణి.

"డాక్టరమ్మకు దండం పెట్టాలె. ఇయ్యాల్నే తీస్కపోదాం. ఎప్పుడు చెప్పిందక్కా నీకు? రాత్రి ఫోన్ చేసిందా?"

చాలా మామూలుగా అడిగింది. జవాబు కోసం కూడా చూడకుండా కొడుకు నుదురు తుడుస్తోంది. అవునంటే చాలు. ఎవరూ ఆరా తీయరు. బావగారికి తేదీలు గుర్తుండవు.

హరిణి మాట్లాడలేదు.

మనోజ చెయ్యి కొడుకు నుదుటి మీదే ఆగింది. తల ఎత్తి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ మొహంలో రంగు మారింది. వాడు రోజూ వెళ్ళిన రిహార్సళ్ళు, ఎక్కిన ఎత్తులు, ఫిల్మ్ నగర్ గేటు దగ్గర నిలబడి వాణ్ణి సాగనంపిన పెద్దమ్మ, అన్నీ ఒకదాని వెంట ఒకటి ఆమె కళ్ళలోకి వచ్చాయి.

"అక్కా" అంది. "నిన్ననే తెల్సిందని చెప్పు."

"మనోజా..."

"జర అబద్ధమాడక్కా. నీ కాళ్ళు మొక్కుత. గంజాయి అని ఆడలే? గట్లనే ఇంకొకటి ఆడు. నిన్న రాత్రే తెల్సిందను. నమ్ముత. నా బిడ్డ మీద ఒట్టు, నమ్ముత."

గోడకి ఆనుకున్న శ్రీకృష్ణ కూడా పెద్దమ్మ మొహంలోకే చూస్తున్నాడు.

హరిణి నోరు తెరిచింది. "నిన్న" అనే ఆ ఒక్క మాట ఎంతకీ బయటికి రాలేదు.